ఆర్కే బీచి పరుగు పద్యం: టీకా తాత్పర్యము

కడలి గాలి మెచ్చి కదలకు వేగాన
కారు చెమట వట్టి నీరు సుమ్ము
ఆరు చెమటె చలువ యార్కె బీచి నడుమ
ఉప్పు నీళ్ళు త్రాగి యురుకుమన్న!

అవతారిక: విశాఖపట్నమున మే నెల వేకువను కాళీమాత గుడి వద్ద బయలుదేరి, కురుసుర జలాంతర్గామి మ్యూజియము దాటకమునుపే బనియను పిండుకొను కొత్త రన్నరునకు పాత రన్నరు చేయు ఉపదేశమిది.

టీక: అన్న = ఓ రన్నరు సోదరా!; కడలి గాలి మెచ్చి = సముద్రము పక్కనే ఉన్నది, చల్లగా ఉండకపోదని నమ్మి; వేగాన కదలకు = డిసెంబరు టైమింగును మే నెలలో ఆశించకు; కారు చెమట = మోచేతుల నుండి బొట్లుగా రాలునది; వట్టి నీరు సుమ్ము = జమకు రాని ఖర్చు; ఆరు చెమటె = ఒంటిమీదనే ఆవిరైనదే; చలువ = చల్లదనము; ఉప్పు నీళ్ళు = ఓఆర్ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ మొదలగునవి (ఎదుట కనబడు సముద్రము కాదు); త్రాగి, ఉరుకుము = పరుగెత్తుము.

తాత్పర్యము: లీటరు చెమట ఒంటిమీద ఆవిరైనచో దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకొనిపోవును. ఇచటి గాలి ముందే తడితో నిండియుండుటచే చెమట చాలవరకు ఆరక నేలపాలగును. నీరు పోవును, ఉప్పు పోవును, వేడి మాత్రము పోదు. కావున వేగము తగ్గించి, ఒంట పుట్టు వేడినే తగ్గించవలెను.

విశేషములు: 'కదలకు' అన్నంతవరకే చదివి మరల ముసుగుతన్నువారు గలరు. అన్వయము 'వేగాన కదలకు' అనియే.

శంక: గాలి వీచుచుండగా భయమేల? సమాధానము: పగటి ఎండకు నేల కాగినగాని సముద్రపు గాలి బలపడదు. పైగా నైరుతి గాలి వీచునాడు ఈశాన్యమున ఉన్న ఋషికొండ వైపు పోవువానికి అది వెనుకనుండి తోయును. గాలితో సమముగా పరుగెత్తువాని ఒంటికి గాలియే తగలదు. కాలికి మేలు, మేనికి చేటు.

శంక: మంచినీళ్ళే కడుపునిండ త్రాగరాదా? సమాధానము: అతిగా త్రాగినచో రక్తమున సోడియము పలుచబడి ప్రాణము మీదికి వచ్చును.

దృష్టాంతము: 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్ మారథానున పోర్చుగల్ రన్నరు ఫ్రాన్సిస్కో లజారో ఒంటికి కొవ్వు పూసుకొని పరుగెత్తి, ఎండకు కూలి, మరునాడు మరణించెను. అచట కొవ్వు చెమటకు అడ్డుపడినట్లే ఇచట గాలిలోని తేమ అడ్డుపడును.

ఉపాయము: రెండు వారాలు మెల్లమెల్లగా అలవాటు చేసినచో దేహము త్వరగా చెమటపట్టుట, ఉప్పును పొదుపు చేయుట నేర్చును. విశాఖ నేవీ మారథానును చలికాలమున జరుపువారు ఈ పద్యమునకు ఉత్తమ వ్యాఖ్యాతలు.

ఫలశ్రుతి: దీనిని పాటించినవారికి పతకము వచ్చునని కవి చెప్పలేదు, గమ్యము చేరునప్పటికి తమ పేరు తమకు గుర్తుండును.