శ్రవణ చిత్రకారిణి

తెలుగు పట్టణాలలో డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన గృహిణులలోనూ, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయినులలోనూ ఒక ప్రత్యేక జాతి తరచుగా తారసపడుతుంది. ఏ గురువు వద్దా ఒక్క గీతైనా నేర్వకుండా, పడుచు వయసులో విన్న పాటలనే ఆధారం చేసుకొని కాన్వాసు నింపే వీరిని శ్రవణ చిత్రకారిణులు అనవచ్చు, అనగా కంటితో చూసినదానిని కాక చెవితో విన్నదానిని బొమ్మగా వేసేవారని అర్థం.

ఈ జాతి ఆవిర్భావానికి చారిత్రక కారణాలున్నాయి. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా సంగీతమంటే గిట్టకపోవడంతో ఆకాశవాణిలో ఆ పాటలు దాదాపు మూగబోయాయి, శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు, చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాక గాని పాటలు మళ్లీ ఆకాశవాణికి చేరలేదు. సినిమా హాలుకు వెళ్లే అనుమతి పండగలకు మాత్రమే దొరికే ఆడపిల్లకు ఆ రోజులలో పాట ముందు వినబడేది, బొమ్మ ఎప్పుడో కనబడేది, ఒక్కోసారి అసలు కనబడేదే కాదు. కనబడినా, 1963లో ‘లవకుశ’ తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రంగా వచ్చేవరకూ, ఆ తరువాత కూడా చాలాకాలం, తెరమీది చీరలు ఎక్కువగా బూడిద రంగువే. కథానాయిక కట్టిన చీర రంగును నిర్ణయించే బాధ్యత ఆ విధంగా శ్రోతల మీద పడింది. జనరంజని, అనగా శ్రోతలు కోరిన పాటలను వారి పేర్లు చదివి వినిపించే కార్యక్రమం, ముగిసేలోపు ఆ నిర్ణయం జరిగిపోయేది. యాభై ఏళ్లు గడిచినా దానిపై పునర్విచారణకు తావులేదు. అందుచేతనే 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేసినప్పుడు లోకమంతా ముచ్చటపడుతుంటే, శ్రవణ చిత్రకారిణి మాత్రం పడవ పాటలో శశిరేఖ చీర రంగు శుద్ధ తప్పని, అద్దేముందు తెలిసినవాళ్లను ఒక్కమాట అడిగి ఉండవలసిందని ఇంటికి వచ్చిన ప్రతివారికీ విన్నవించుకుంది.

ఈమె అక్రిలిక్ రంగులనే వాడుతుంది. నీటిలో కలిసి, త్వరగా ఆరిపోయే ఈ రంగుల ఘనతను ఆమె ఎంత పొగిడినా, తైలవర్ణాలకు కావలసిన టర్పెంటైన్ వాసన పూజగదిలోకి వెళ్లడమే అసలు కారణమని ఇంట్లో అందరికీ తెలుసు. కాలాన్ని ఆమె గడియారంతో కొలవదు. పాతకాలపు 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపున సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది కనుక సినిమా పాట కూడా దాదాపు ఆ పొడవుకే అలవాటుపడింది, ఈమె కుంచె ఆ పాటకు అలవాటుపడింది. ఆకాశానికి నాలుగు సుశీలలు, నదికి ఆరు ఘంటసాలలు అన్నది ఆమె లెక్క. మధ్యలో విషాదగీతం వస్తే నది లోతు పెరిగిపోతుంది. అప్పుడు పడవ మునగకుండా చూడడానికి హుషారైన పాట ఒకటి వెతికి పెట్టవలసిన పని భర్తది.

ఇక చిత్రలక్షణాల విషయానికి వస్తే, రాగం ఏదైనా చంద్రుడు తప్పడు, అతడు ఎల్లప్పుడూ పూర్ణచంద్రుడే. నాయికకు చేతులు ఉండీ కనబడవు: ఒకటి కడవ వెనుక, రెండవది పైట చాటున, పాదాలు పచ్చికలో. దీనిని నాయిక లజ్జ అని ఆమె వ్యాఖ్యానిస్తుంది, వేళ్లు గీయడం రాకపోవడం అని మనుమలు వ్యాఖ్యానిస్తారు. పాటను బొమ్మగా వేయడానికి పూర్వాచారం ఉందని ఎవరైనా ధైర్యం చెప్పదలిస్తే రాగమాల చిత్రాలను చూపవచ్చు. పదహారు నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా రాజస్థాన్, పహాడీ, దక్కన్ ప్రాంతాలలో రాగాలను స్త్రీపురుషుల రూపంలో చిత్రించిన సంపుటాలకు ఆ పేరు. వాటిలో తోడి రాగిణి వీణ పట్టిన వనిత, ఆమె గానానికి లేళ్లు చేరి వింటుంటాయి. మన చిత్రకారిణి కూడా తోడి వేసింది. అయితే ఆ లేడిని చూసిన పాలవాడు మేక ఎన్ని లీటర్లు ఇస్తుందని అడిగాడు.

మనుమడు ఒకసారి టాబ్లెట్‌లో కాండిన్‌స్కీని చూపాడు. ఈ రష్యన్ చిత్రకారుడు 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బెర్గ్ సంగీతం విని, కొద్ది రోజులలోనే పసుపు రంగు పొంగిపొర్లుతుండగా నడుమ నల్లని పియానో ఆకారం గల చిత్రం వేశాడు. ఆమె దానిని చాలాసేపు పరిశీలించి, “పాపం, ఈయనకీ చేతులు కుదర్లేదురా” అని నిట్టూర్చింది. సానుభూతి తీరాక ఆ పసుపు మాత్రం పాటకు తగినదేనని ఒప్పుకుంది, ఇది చిన్న మాట కాదు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఆకారంలో ఎన్ని అవకతవకలున్నా రంగులో ఆమె పొరబడడం అరుదు. మోహన రాగం కోసం వెన్నెలకు తెలుపు బదులు పలుచని ఆకుపచ్చ పూసినప్పుడు నవ్వినవారే, రెండు నిమిషాలు నిలబడి చూశాక, నవ్వు ఎందుకు ఆగిందో చెప్పలేక కాఫీ అడుగుతారు.

గోడలు నిండిన తరువాత చిత్రాలు విదేశాలకు బయలుదేరతాయి. అమెరికాలోని కూతురికి పంపే పెట్టెలో ఇరవైమూడు కిలోల పరిమితి ఉండడం వల్ల గోంగూర పచ్చడికీ కళకూ ఏటా ఘర్షణ తప్పదు, అల్లుడు బాహాటంగానే పచ్చడి పక్షం వహిస్తాడు.

మిగిలినవాటికి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సంక్రాంతికి ప్రదర్శన ఏర్పాటవుతుంది. తమ సోఫా రంగుకు సరిపోయిందని ఒక యువజంట ‘మోహన’ను బేరమాడి, ధర కూడా కుదిరాక, ముందు ఆ బొమ్మకు ఆధారమైన పాట విని తీరాలని ఆమె షరతు పెడుతుంది. వరుడు వినయంగా ఫోన్‌లో వెతికి నొక్కగా డ్రమ్ములతో రీమిక్స్ మోగుతుంది. మరుక్షణమే ‘అమ్మకానికి లేదు’ అన్న చీటీ చంద్రుడి పక్కన అతుక్కుంటుంది. హాల్లో ఒక గోడైనా ఖాళీ అవుతుందని అప్పటిదాకా ఆశపడిన భర్త, మారుమాట లేకుండా మేకు, సుత్తి తేవడానికి ఇంటికి బయలుదేరతాడు.