కొన్నది మనం, పెట్టుబడి వాళ్లది

ప్రింటర్ కొని ఇంటికి మోసుకొచ్చినవాడు తానేదో వస్తువు కొన్నాననుకుంటాడు. పాపం, అమాయకుడు. 2024 జనవరిలో, అప్పటి హెచ్‌పీ సీఈవో ఎన్రికే లోరెస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో అసలు గుట్టు విప్పారు. ప్రింటర్ అమ్మితే తమకు నష్టమేనట. కస్టమర్ అంటే తాము పెట్టే పెట్టుబడట. ఆ కస్టమర్ సరిపడా ప్రింట్లు తీయకపోయినా, తమ ఇంకు వాడకపోయినా అది చెడ్డ పెట్టుబడి కిందే లెక్కట.

బిల్లు కట్టింది మనం, పెట్టుబడి పెట్టింది వాళ్లు. ఏడాదికోసారి పిల్లాడి హాల్‌టికెట్టు, మధ్యలో రెండు ఆధార్ కాపీలు తీసుకుని మిగతా రోజులు ప్రింటర్ మీద గుడ్డ కప్పేసే ఇళ్లు మనలో ఎన్ని లేవు! ఒక బహుళజాతి సంస్థను ఇలా నిలువునా ముంచుతున్నామన్న ఇంగితం ఒక్కరికైనా ఉందా?

చెడ్డ పెట్టుబడిని దారిలో పెట్టే విద్యా వాళ్లకు తెలుసు. 2016 సెప్టెంబరు 13న కొన్ని ఆఫీస్‌జెట్ ప్రింటర్లు ఉన్నట్టుండి బయటి కంపెనీల కార్ట్రిడ్జులను వద్దు పొమ్మన్నాయి. ముందురోజు దాకా వాటితోనే శుభ్రంగా అచ్చేసిన ప్రింటర్లే. అంతకుముందెప్పుడో పంపిన సాఫ్ట్‌వేర్ ఆ తేదీ కోసం లోపల కాచుక్కూచుంది. మన సిద్ధాంతిగార్లు కూడా ఇంత పక్కాగా ముహూర్తం పెట్టలేరు. గోల రేగాక కంపెనీ క్షమాపణ చెప్పింది. కార్ట్రిడ్జులను ఆపినందుకు కాదు, ఆ సంగతి ముందుగా సరిగ్గా చెప్పనందుకు! ఈ ఏర్పాటు పేరు డైనమిక్ సెక్యూరిటీ. సెక్యూరిటీ ఎవరికని అడక్కండి, బాగుండదు.

వాళ్లదే ఇన్‌స్టంట్ ఇంక్ అని నెలవారీ చందా పథకం ఒకటుంది. అందులో లెక్క ఇంకుకు కాదు, పేజీకి. పేజీ నిండా అమావాస్య రాత్రి ఫొటో కొట్టినా ఒక పేజీయే, మధ్యలో ఒక్క ఫుల్‌స్టాప్ పడినా ఒక పేజీయే. చందా మానేశారా, ఆ నెల గడువు తీరగానే కంపెనీ పంపిన కార్ట్రిడ్జులు పనిచేయడం మానేస్తాయి. ఇంకు ఉంటుంది. మీ ఇంట్లో, మీ టేబుల్ మీద, మీ ప్రింటర్ కడుపులోనే ఉంటుంది. చూసుకోవచ్చు.

కార్లవాళ్లు ఊరుకుంటారా? సీటును వెచ్చబెట్టే ఏర్పాటు కార్లో బిగించే ఉన్నా, అది పనిచేయడానికి 2022లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ నెలకు సుమారు 18 డాలర్ల చందా పెట్టింది. జనం తిట్టిన తిట్లకు మరుసటి ఏడాది ఈ సీటు చందాల ఆలోచనే మానుకుంది. ఒకే వస్తువుకు రెండుసార్లు కట్టామని జనం అనుకుంటున్నారని, నిజానికి అది తప్పని కంపెనీ పెద్దాయన ఒకరు బాధపడ్డారు కూడా.

అమెజాన్‌ది మరీ సాహిత్యాభిరుచి. 2009లో పాఠకులు డబ్బిచ్చి కొన్న పుస్తకాలు కొన్నిటిని వాళ్ల కిండిల్స్‌లోంచి రాత్రికి రాత్రి తీసేసింది. అమ్మినవాడికి హక్కుల్లేవన్నది కారణం. డబ్బు వాపసిచ్చారు, జెఫ్ బెజోస్ క్షమాపణా చెప్పారు. మాయమైన వాటిలో ఒకటి జార్జ్ ఆర్వెల్ ‘1984’. అచ్చయిన కాగితాలను ఏలినవారు గుట్టుగా చెరిపేసే కథ. ఇంత చక్కటి ఎంపిక అవార్డు కమిటీలకు కూడా చేతకాదు.

మనదేశంలో మాత్రం మనం మంచి పెట్టుబడులమే. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో సినిమాల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి. ఏడాది డబ్బు ముందే కట్టేసినవాళ్లకూ మినహాయింపు లేదు. వద్దంటారా? నెలకు 129, ఏడాదికైతే 699 రూపాయలు అదనంగా సమర్పించుకోవాలి. ఇంట్లోకి దోమల్ని వదిలేసి, మర్నాడు దోమతెరలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాణ్ని మా ఊళ్లో ఏమంటారో రాసి పంపాను. ఎడిటర్‌గారు కొట్టేశారు.