గ్రీష్మ ఛాయాగ్రాహకులు

1072 మీటర్ల ప్లాట్‌ఫారముతో ఒకప్పుడు ప్రపంచమున అగ్రస్థానము వహించి, ఆ కీర్తిని తొలుత గోరఖ్‌పూరునకును, 2023లో హుబ్బళ్ళికిని సమర్పించుకొనిన ఖరగ్‌పూరు, ఇప్పుడు సెల్ఫీల సంఖ్యతో పోయిన ప్రతిష్ఠను రాబట్టుకొనుచున్నట్లున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు వలస వచ్చిన తెలుగు కుటుంబముల మనుమలు, ఎఱ్ఱనేల పెనమువలె కాలు ఈ గ్రీష్మమున, వీథికుళాయి కడ బిందె నిండి పొర్లుచుండగా, ఆ జలధారనే ఫొటో తీసి ‘నీటిని పొదుపు చేయుడు’ అని లోకమునకు హితవు పలుకుచున్నారు. ఆవకాయ కలుపుచు చెమటోడ్చు నాయనమ్మను ‘కొంచెమిటు తిరుగు’ మనుటకు నలుగురున్నారు. విసరుటకు ఒక్కడును లేడు. వేడెక్కిన ఫోనును ఫ్యాను క్రింద పరుండబెట్టు ఈ కరుణాళువులు, ఆ గాలిలో ముసలమ్మకును ఇంత చోటిచ్చినచో, ఆ పుణ్యకార్యమును సైతము ఫొటో తీసికొనవచ్చును గదా!