పదును పోకముందే

నేను కాలిపరును. ఆస్పత్రి కాగితాల్లో ఏఎఫ్‌ఓ అంటారు. మర్రిగూడ పక్కన మా ఊళ్లో నన్ను పిలిచేది 'ప్లాస్టిక్ బూటు' అని. పాప కాలికి పీఓపీ పట్టీ చుట్టి, ఆరాక కోసి తీశారు. ఆ డొల్లలో పీఓపీ పోసి ఉత్తుత్తి కాలొకటి చేశారు. వేడికి అప్పడాల పిండిలా మెత్తబడ్డ పాలీప్రొపిలీన్ రేకును దాని మీద పరిస్తే నేను పుట్టాను.

ఆరేళ్ల పాప మునివేళ్ల మీద నడిచేది. "ఫ్లోరైడ్ నీళ్లు, ఏం జేస్తం" అనేవారు జనం. నల్గొండలో కాలు వంకరైతే నేరం బోరునీళ్లదే. ఫ్లోరైడ్ పట్టేది ఎముకను. పాపది సెరిబ్రల్ పాల్సీ: పసిమెదడుకు తగిలిన దెబ్బ. 'ఇక వదులు' అనే మాట మెదడు నుంచి పిక్కకు సరిగా అందదు. నన్ను తొడిగితే పిక్క నాతో కలబడేది. మడమ పైకి లేచేది, పట్టీ కింద చర్మం కందేది.

అందుకే బొటులినమ్ ఇంజక్షన్ చేయించారు. 1820ల్లో జర్మనీలో చెడిన సాసేజీలు తిని చనిపోయినవాళ్లను చూసి కెర్నర్ అనే వైద్యుడు వర్ణించిన విషమే అది. యూనిట్ల లెక్కన కొద్దిగా ఇస్తే మందు. నరం కొసన అసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా ఆపుతుంది, కండరం సడలుతుంది. కొద్ది రోజుల్లో పట్టు చూపి, మూడు నాలుగు నెలల్లో దిగిపోతుంది.

మొదటిసారి ఇంజక్షన్ చేసినచోట వ్యాయామం సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. అంతా సూదే చూసుకుంటుందనుకొని అమ్మ పత్తి ఏరబోయింది. నేను దూలానికి వేలాడాను. దసరాకు దిగిన మడమ సంక్రాంతి దాటేసరికి మళ్లీ లేచింది.

రెండో సూది తొలకరికి పడింది. ఈసారి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి పోయాం. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు మేడం అమ్మ చేతిని పట్టి చూపించింది: "మోకాలు చాపి పట్టుకో. మడిమెను అరచేతిలోకి తీసుకొని పాదాన్ని మెల్లగ పైకి నూకు. ముప్పై లెక్కబెట్టు. గుంజకు." అమ్మ "రోజూనా మేడం?" అంది. "వాన పడ్డంక పదును ఉండంగనే ఇత్తనం ఎయ్యాలె గదమ్మా. సూది వాన అసుంటిది. పదును మూణ్నెల్లే."

చెలక చేసే అమ్మకు ఇక వేరే చెప్పాల్సిన పనిలేకపోయింది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ముప్పై లెక్క. ఆ తర్వాత నా వంతు: సాగిన పిక్క మళ్లీ కుంచించుకోకుండా పట్టి ఉంచడం. వదులైన పిక్క ఇప్పుడు నాతో కలబడదు.

ఒకరోజు నన్ను విప్పిన పూట, అలుకు చల్లిన తడి వాకిట్లో పాప అడుగులు పడ్డాయి. ఎప్పుడూ ఐదు వేళ్లూ ముందరి పాదమే. ఆరోజు వెనక గుండ్రంగా మడమ గుర్తు. అమ్మ చీపురు ఆ గుర్తును తప్పించి ఊడ్చింది.

సూది మెదడును బాగుచేయలేదు. పిక్క మళ్లీ బిగుస్తుంది, మళ్లీ వాన కావాలి. పాప వేళ్లు నా అంచు దాటుతున్నాయి, కొత్త అచ్చు తీస్తారట. రాబోయే తమ్ముడికి నేను చెప్పేదొక్కటే: దూలం ఎక్కకురా.