ఇంటికొక మనిషి

మొన్న అక్టోబరు 2న మా ఊళ్లో స్వచ్ఛ భారత్ జరిగింది. జరిగిందనడానికి ఫొటోలున్నాయి. కొత్త చీపుళ్లకు చుట్టిన ప్లాస్టిక్ కవర్లు విప్పి, పక్కనే ఉన్న మురుక్కాలవలో పడేసి, రోడ్డు ఊడ్చారు.

మా రోజుల్లో ఊరి పనికి రమ్మని బతిమాలడాల్లేవు. ఎండాకాలం చివర్లో తలారి చాటింపు వేసేవాడు: రేపు చెరువు పని, ఇంటికొక మనిషి! తెల్లారేసరికి పార, గంప పట్టుకుని కట్ట మీదుండాలి. వంక నుంచి చెరువుకొచ్చే కాలువలో పూడు తీయడం, కట్టకు మట్టి పోయడం, తూము దగ్గర కంప నరకడం. పొద్దెక్కాక సంగటి, ఊరుబిండి. రానివాడికి తప్పు వేసేవాళ్లు. సర్కారు కాగితాల్లో ఈ చెరువు పని పేరు కుడిమరామత్తు. రానివాళ్ల దగ్గర డబ్బు రాబట్టడానికి మద్రాసు ప్రెసిడెన్సీకి 1858లో చట్టమే చేశారు.

అందుకని మా తాతలంతా సేవాతత్పరులని నేననను. చెరువు నిండకపోతే మడి ఎండుతుంది, అంతే. గొడుగేసుకుని అజమాయిషీ చేసిన పెద్దరైతులూ ఉన్నారు, సెంటు మడి లేకపోయినా మట్టి మోసినవాళ్లూ ఉన్నారు. మా ఈడువాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఆ పని మానిపించింది సోమరితనం కాదు, బోరు. ఎవడి చేలో వాడు బోరేసుకున్నాక చెరువుతో ఎవడికి పని? 2004లో ఉచిత కరెంటూ వచ్చింది. మీట నొక్కితే నీళ్లొస్తుంటే పూడెవడు తీస్తాడు? అంతకుముందు 1997లో జన్మభూమి అని శ్రమదానానికి పిలిస్తే వెళ్లాం. అధికారుల జీపు కదిలాక మేమూ కదిలాం. 2006లో ఉపాధి హామీ మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. పేదవాడికి కూలి దొరికింది, దాన్ని ఒక్క మాట అనను. కానీ ఇప్పుడు తూము కారితే పంచాయతీకి ఫోన్ చేస్తారు తప్ప, గుప్పెడు బంకమన్ను పెట్టేవాడు లేడు.

కృష్ణా జిల్లా చల్లపల్లిలో మాత్రం 2014 నుంచి తెల్లవారుజామునే చీపుళ్లు పట్టి ఊరు శుభ్రం చేస్తున్నారు. ఊడిస్తే తడిసే మడి లేదు, మానేస్తే తప్పు వేసేవాడు లేడు. ఇది నా లెక్కకు అందదు. అందకపోయినా ఒప్పుకోవాలి.

మనవడి కాలేజీ ఎన్నెస్సెస్ వాళ్లు ఆదివారం మా చెరువు కాలువ బాగుచేస్తారట. టీషర్టూ సర్టిఫికెట్టూ ఇస్తారట, ఇచ్చుకోనీ. తొమ్మిదింటికి రమ్మన్నారట! మా ఎండకి తొమ్మిదింటికి గడ్డపార పడితే అరచేయి కాలుతుందని చెప్పేవాడే లేడా? నాలుగున్నరకు లేపుతాను రా అన్నాను. అప్పటికింకా పడుకోనే పడుకోడట.