ఎమర్జెన్సీ డబ్బా

మా ఇంట్లో ఒక ఎమర్జెన్సీ డబ్బా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖపట్నం మీద పడి, విమానాశ్రయం పైకప్పును కూడా వదలకుండా పీకి వెళ్లాక, కరెంటూ నీళ్లూ ఫోనూ లేని ఆ రోజుల్లో మేం చేసుకున్న ప్రతిజ్ఞల ఫలం అది. బిస్కెట్లొచ్చిన రేకు డబ్బా. మూత మీద నా చేతిరాతతో 'ఎమర్జెన్సీ – ముట్టరాదు' అని కాగితం అంటించాను. ఎమర్జెన్సీ వచ్చినప్పుడు తప్ప ఎప్పుడైనా ముట్టుకోవచ్చు అని మా ఇంటిల్లిపాదీ దానికి అర్థం చెప్పుకుని పదేళ్లు దాటింది.

మొన్న రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. అందుకున్నట్టే అందుకుని, కుయ్యోమని నాలుగుసార్లు మూలిగి, ప్రాణం వదిలేసింది. ఫ్యాను రెక్కలు ఇక మా వల్ల కాదన్నట్టు చివరి రెండు చుట్లు తిరిగి ఆగాయి. నేను మాత్రం ధీమాగా లేచాను. డబ్బా ఉందిగా!

ఫోను వెలుగులో మూత తీశాను. ఫోనులో తొమ్మిది శాతం చార్జింగు ఉంది. పైనే టార్చిలైటు. స్విచ్చి నొక్కితే వెలగలేదు. అడుగు బిళ్ల తిప్పి చూస్తే లోపల స్ప్రింగు తప్ప ఏమీ లేదు.

"ఏటిరా నాయనా, చీకట్లో ఆ సప్పుడేటి?" అంది మా అమ్మ గదిలోంచి.

"టార్చిలో సెల్లులు లేవమ్మా."

"ఎలాగుంటాయి? నాను టీవీ రిమోట్లో ఏసీసేను కదా. మొన్న సీరియల్ కాడ అది పలకలేదు మరి."

రిమోట్లో సెల్లులున్నాయి, టీవీకి కరెంటు లేదు. టార్చికి కరెంటు అక్కర్లేదు, సెల్లులు లేవు. రేడియో తీశాను. దాని సెల్లులు గోడ గడియారంలో ఉన్నాయట. చీకట్లో కూర్చున్న నాకు టైమెంతయిందో మాత్రం కచ్చితంగా తెలుస్తుందన్నమాట, గడియారం కనిపిస్తే.

కొవ్వొత్తి దొరికింది. 5 అంకె ఆకారంలో ఉన్న గులాబీరంగు కొవ్వొత్తి. మావాడి అయిదో పుట్టినరోజుది, సగం కాలింది. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. అగ్గిపెట్టెలో మూడు పుల్లలు. సముద్రపు గాలికి మెత్తబడి, గీస్తే మందు పిండిలా రాలుతోంది. నైలాన్ తాడు బాల్కనీలో బట్టలారేసుకునే ఉద్యోగంలో చేరిపోయింది. రేషన్ కార్డు జిరాక్సు ఉంది, దాని వెనక ఇస్త్రీ పద్దు ఉంది. అడుగున పరిచిన పాత పేపరు కింద మాత్రం, ఎవరి చేయీ పడని ఒకే ఒక్క వస్తువు భద్రంగా ఉంది. అత్యవసర నగదు! హుద్‌హుద్ అప్పుడు ఏటీఎంలు పనిచేయక అల్లాడిన అనుభవంతో దాచిన రెండు వేల రూపాయలు. నాలుగు పాత 500 నోట్లు. 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు మాట విని దేశమంతా నోట్లకోసం బీరువాలు వెతుకుతుంటే, ఈ డబ్బా మీది 'ముట్టరాదు' అన్న మాటను గౌరవించింది నేనొక్కడినే.

మన వైపు సన్నద్ధత అంతా వాతావరణ శాఖ మెట్ల ప్రకారమే నడుస్తుంది. అల్పపీడనం అంటే ఉల్లిపాయ పకోడీలు. అది వాయుగుండమైతే బడికి సెలవిస్తారా ఇవ్వరా అన్న చర్చ. తీవ్ర వాయుగుండం దగ్గర ఎవరో ఒకరు "ఇది ఒడిశా పోతుందండీ" అని తీర్పు చెబుతారు. తుఫానుగా మారిందనగానే ఊరు ఊరంతా కిరాణా కొట్టు ముందు ఉంటుంది. కొవ్వొత్తులు, పాల ప్యాకెట్లు, బ్రెడ్డు. బ్రెడ్డు ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు. జ్వరమొస్తే తప్ప బ్రెడ్డు ముట్టని జాతి మనది. ఇక తీరం దాటే వేళకి, ఆ తుఫానుకు ఏ దేశం పేరు పెట్టింది, అర్థమేమిటి అన్న పరిశోధన మొదలవుతుంది. హుద్‌హుద్ ఒమాన్ పెట్టిన పేరు, కూకుడు గువ్వ. తిత్లీ పాకిస్తాన్ పెట్టింది, సీతాకోకచిలుక. 2018లో ఆ సీతాకోకచిలుకే మా అమ్మ పుట్టిన ఉద్దానంలో కొబ్బరి చెట్లనీ జీడితోటల్నీ కరెంటు స్తంభాల్నీ ఒకే వరుసలో పడుకోబెట్టింది. ఇన్ని వివరాలు నోటికి వచ్చిన నాకు, ఇంట్లో మంచి అగ్గిపెట్టె ఎక్కడుందో తెలియదు.

ఇన్వర్టరు సంగతి చెప్పాలి. కొన్ననాడు కొట్టువాడు "150 ఏహెచ్ బ్యాటరీ సార్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఢోకా లేదు" అన్నాడు. 12 వోల్టుల్ని 150తో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. అదీ కాగితం మీద. దారిలో కొంత వేడిగా పోతుంది, వయసు మీద పడితే ఇంకొంత పోతుంది. మిగిలినదానికి మేం ఫ్యాన్లూ లైట్లతో పాటు టీవీ, వైఫై, చేపల తొట్టి మోటారు, మూడు గదుల్లో దోమల మందు తగిలించాం. ఒకసారి మావాడు మిక్సీ కూడా పెట్టబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

మర్నాడు మెకానిక్కు వచ్చాడు. బాల్కనీలో చెప్పుల స్టాండు జరిపి బ్యాటరీ వైపు ఒక్క చూపు చూశాడు. దాని నెత్తిన ఆరు మూతలున్నాయి, ఒక్కో మూతకి నీటిమట్టం చెప్పే చిన్న పుల్ల ఉంది. ఆరూ ఎరుపు దగ్గర కూలబడి ఉన్నాయి.

"డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారు సార్?"

"పోయాలా?"

అతను నా మొహంలోకి చూసి, మరేమీ అడగలేదు. తులసి మొక్కకు రోజూ నీళ్లు పోసే ఇల్లు మాది. దాని పక్కనే ఉన్న బ్యాటరీ మూడేళ్లుగా నోరెండి కూర్చుంది.

ఆ రాత్రి సంగతికి వద్దాం. 1912కి ఫోన్ చేశాను. ఫిర్యాదు రాసుకుని నంబరిచ్చారు. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చేశాను. ఆపైన మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లైన్‌మ్యాన్ నంబరు పెడితే ఇరవై ఫ్లాట్లవాళ్లం కలిసి అతని మీద పడ్డాం. జంపరు తెగిందనీ, ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కుతున్నాననీ, దిగేదాకా ఫోన్ చేయొద్దనీ పాపం అతనే చెప్పాడు. ఎల్‌సీ అంటే ఆ లైన్లో కరెంటు ఆపేశామన్న భరోసా. ఆ ఒక్క మాట నమ్ముకుని మనిషి తీగ మీద చెయ్యి వేస్తాడు. వానలో, చీకట్లో, స్తంభం మీద ఉన్నవాడి జేబులో ఫోను మోగుతూనే ఉంది. అందులో రెండుసార్లు మోగించింది నేనే.

అపార్ట్‌మెంటులో కరెంటు పోతే కరెంటొక్కటే పోదు. మోటారాగి, పైన ట్యాంకులో ఉన్నదెంతో అంతే నీళ్లు. లిఫ్టాగుతుంది. మాకు జనరేటరుంది, సెల్లార్లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ని ముంచెత్తినప్పుడు, పై అంతస్తుల్లో ఇరుక్కుపోయినవాళ్లకి డ్రోన్లతో అన్నం పొట్లాలు దించాల్సి వచ్చింది. అది టీవీలో చూసి చలించిపోయి మా అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టింది. నీళ్లు ముందుగా చేరేదే సెల్లారు కాబట్టి జనరేటరును పైకి మార్చాలని ఒకరన్నారు. పైకి తెస్తే చప్పుడని మొదటి అంతస్తువాళ్లు, పొగని రెండో అంతస్తువాళ్లు. డీజిలు ఖర్చు ఫ్లాటుకింతని పంచాలా, చదరపు అడుగుకింతని పంచాలా అన్నదాని మీద రెండు గంటలు పోయాయి. చివరికి లిఫ్టులో అద్దం పెట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మొన్న రాత్రి ఆ జనరేటరు ఎందుకు మోగలేదని అడిగితే వాచ్‌మన్ "ఆయిలు లేదు బాబూ" అన్నాడు. అద్దం మాత్రం చాలా బాగుంది.

చీకటి మనకి కొత్తా అంటే, కాదు. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఒకేసారి కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైపోయింది. దక్షిణ గ్రిడ్డు అప్పటికింకా వాటితో పూర్తిగా ముడిపడలేదు, ఆ ముడి 2013 చివరి రోజున పడింది. అలా ప్రపంచంలోనే అతి పెద్ద చీకటిలో మనకి వాటా దక్కలేదు. అయితే ఏం? అదే ఏడాది ఇక్కడ పరిశ్రమలకి పవర్ హాలిడే, ఇళ్లకి వేళాపాళా ఉన్న కోత, లేని కోత. ఎవరి గ్రిడ్డూ కూలకుండానే మన చీకటి మనం తయారుచేసుకున్నాం.

అసలు మా ఇంట్లో కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ప్రమిద, నూనె, వత్తి, అన్నీ ఒకేచోట, ఒకేవేళకి దొరికిన రాత్రి నాకు తెలిసి ఒక్కటే. 2020 ఏప్రిల్ 5, కరోనా లాక్‌డౌన్‌లో. రాత్రి 9 గంటలకి 9 నిమిషాలు కరెంటు లైట్లార్పి దీపాలు వెలిగించమని ప్రధాని అడిగితే, ఎనిమిదిన్నరకే బాల్కనీ గోడ మీద సరంజామా అంతా వరుసకట్టింది. ఆ కాసేపట్లో దేశంలో విద్యుత్ వాడకం 31 వేల మెగావాట్ల మేర తగ్గిపోయిందన్నారు. మీట చేతిలో ఉన్న చీకటికి మనం సర్వసన్నద్ధులం.

మొన్న చివరికి దీపం వెలిగించింది మా అమ్మే. గోడ పట్టుకుని వంటింట్లోకెళ్లి, లైటరుతో గ్యాసు పొయ్యి వెలిగించి, ఇస్త్రీ పద్దున్న ఆ రేషన్ కార్డు జిరాక్సునే సన్నగా చుట్టి అంటించి, దేవుడి దగ్గరి ప్రమిద ముట్టించింది. డబ్బాలో ఉన్నవాటిల్లో పనికొచ్చింది ఆ కాగితమొక్కటే. "ఈ పాటికి సీరియల్లో ఆ పిల్లని ఇంట్లోంచి ఎళ్లగొట్టేసుంటారు" అని నిట్టూర్చింది. అంతలో కరెంటొచ్చింది. పై అంతస్తు నుంచి కింది దాకా పిల్లలంతా ఒకే గొంతుతో "ఓ..." అని అరిచారు. నేనూ అరిచాను. డబ్బా మూత పెట్టేశాను.

మర్నాడు ఆరు సెల్లులు కొని డబ్బాలో వేశాను. సాయంత్రానికి నాలుగున్నాయి. డిస్టిల్డ్ వాటర్ క్యాను కూడా తెచ్చి బాల్కనీలో పెట్టాను. బ్యాటరీ మూతల్లో పోయడానికి గరాటు కావాలి. రేషన్ కిరసనాయిలు రోజుల్లో ఇంటికి రెండుండేవి, ఇప్పుడు మా వీధిలో ఒక్కటీ దొరకలేదు. చదువుతున్నవాళ్లలో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కపూట ఇప్పించండి. ప్లాస్టిక్‌దే కావాలి, రేకుది పనికిరాదట. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, మా ఆవిడ పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతోంది.