ఇచ్చట కుట్టబడును: సటీకా తాత్పర్యము

మూలము
ఇచ్చట నొప్పి లేకుండా చెవులు, ముక్కులు కుట్టబడును.

అవతారిక
ఈ సూత్రము తాడేపల్లిగూడెం బజారులో ఒక నగల కొట్టు గాజు తలుపు మీద ఎర్ర స్టిక్కరు అక్షరాలతో వెలసి ఉన్నది. రాసిందెవరో తెలియదు. ఛందస్సు లేదు. అయినా తెలుగునాట ఏ ఊరు వెళ్లినా అక్షరం పొల్లుపోకుండా ఇదే పాఠం కనిపిస్తుంది గనుక ఆర్షమని ఒప్పుకోక తప్పదు. మూలంలో లేనిది రాయనని శపథం పట్టిన కోలాచల మల్లినాథసూరి మనవాడే. కాకపోతే ఆయనకు కాళిదాసు దొరికాడు, మాకు స్టిక్కరు దొరికింది. అందుచేత మూలంలో లేనిది కూడా కొంత రాస్తాము.

నాయకుడు పెంటపాడు వాస్తవ్యుడు, మా పెదనాన్నగారి మనవడు, 20 ఏళ్లవాడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ధీరలలితుడని అందామంటే, లలితుడన్నంత వరకూ పేచీ లేదు.

ప్రతిపదార్థము
ఇచ్చట = ఈ కొట్టునందు; నొప్పి లేకుండా = (టీకలో చూడుడు); చెవులు = శ్రవణేంద్రియములు; ముక్కులు = ఘ్రాణేంద్రియములు; కుట్టబడును = రంధ్రసహితములుగా చేయబడును.

టీక
ఇచ్చట: ఒకప్పుడు ఈ పదంతో పని లేదు. కంసాలి ఆచారిగారే పెంటపాడులో మన అరుగు మీదికి వచ్చేవారు. సన్నటి బంగారు తీగ కొనను సూదిమొనలా అరగదీసి, దానితోనే తమ్మె పొడిచి, ఆ తీగనే మెలితిప్పి పోగు చేసి లేచేవారు. సూదీ అదే, నగా అదే. బిడ్డ మేనమామ ఒళ్లో, బెల్లంముక్క బిడ్డ నోట్లో, తాంబూలం ఆచారిగారి చేతిలో. బంగారానికి తాహతు లేని ఇళ్లలో కన్నం పూడకుండా వేపపుల్ల పెట్టేవారు. ఇప్పుడు చెవే ఆటో ఎక్కి వెళ్తున్నది. అయితే గూడెమే ఎందుకు, ఏలూరు కారాదా అని శంక. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు వేరే జిల్లా. ఒక్క కన్నానికి జిల్లా దాటడం అతి. పైగా గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు ఉన్నది గనుక కళ్లనీళ్లకు వేరే కారణం చెప్పుకోవచ్చునని కొందరి మతం.

చెవులు: బహువచనము. నాయకుడు మాత్రం ఒక్క చెవి చాలన్నాడు, అదీ ఎడమది. ఇక్కడ శాస్త్రవిరోధం వచ్చిపడింది. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం చెవి కుట్టడంతోనే మొదలవుతుంది. రక్షకీ అలంకారానికీ బిడ్డకు రెండు చెవులూ కుట్టాలనీ, ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టాలనీ, మగబిడ్డకు ముందు కుడిచెవి, ఆడబిడ్డకు ముందు ఎడమచెవి అనీ విధి. ఆ లెక్కన మనవాడు 19 ఏళ్ల పైచిలుకు ఆలస్యం, మొదలుపెట్టిన చెవీ తప్పే.

పూర్వపక్షం వాళ్ల నాన్నది. "మగాడివి, నీకిదేం వేషంరా? రేపు ఇంటర్వ్యూకి ఇలాగే వెళ్తావా?" అని మా అన్నయ్య గుమ్మంలోనే పట్టుకున్నాడు. సిద్ధాంతం మా పెద్దమ్మది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, మనవడి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, గోడ మీది పటం చూపించింది. అందులో మా పెదనాన్నగారికి తలపాగా కింద రెండు చెవులకీ ఎర్రరాళ్ల పోగులు. "మీ తాతకి రెండూ ఉండేవిరా అబ్బాయ్. నీకు ఒక్కదానికే సరిపోయాయేంటి డబ్బులు?" అంది. ఆ తరవాత కొడుకు వైపు తిరిగింది. మా అన్నయ్య తమ్మెలు దగ్గరగా చూస్తే ఇప్పటికీ చెరో చుక్క కనిపిస్తుంది. ఆర్నెల్లప్పుడు కుట్టించారు. కాలేజీలో చేరుతూ, పల్లెటూరివాడంటారని తీసేశాడు, పూడిపోయాయి. తండ్రి మోటని తీసినది కొడుకు ఫ్యాషనని పెట్టించుకొచ్చాడు. కన్నం చోటు మాత్రం మారలేదు.

ముక్కులు: స్పష్టము. మగవారికి వర్తించదని కొందరు వ్యాఖ్యాతలు. అది లోకం తెలియని మాట. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట, తరవాత పుట్టిన మగబిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసుకుని పెంటయ్య అనీ, ఎంగిలి విస్తళ్లలో పొర్లించి పుల్లయ్య అనీ పిలిచి, ముక్కు కుట్టించేవారు. ఎవరికీ అక్కర్లేనివాడనుకుని చావు తప్పుకుపోవాలని. మన ఊళ్లలో మగవాడి ముక్కుకు కన్నం పడ్డది ముందు ప్రాణభయంతోనే.

నొప్పి లేకుండా: ఈ పదం దగ్గర కలం ఆగుతుంది. కౌంటరు అబ్బాయి స్పిరిట్‌లో ముంచిన దూదితో తమ్మె తుడిచాడు. పెన్నుతో చుక్క పెట్టి అద్దం ఇచ్చాడు. కిందికి ఉందన్నాడు నాయకుడు. తుడిచి మళ్లీ పెట్టాడు. ఇప్పుడు పక్కకి ఉందన్నాడు. "చీమ కుట్టినట్టుంటాదండి, అంతే. ఆయ్," అని గన్ను చెవికి ఆనించి నొక్కేశాడు. చప్పుడు చెవిలోనే కనుక పెద్దగా వినపడింది. నొప్పి తరవాత తీరిగ్గా వచ్చింది. తమ్మె దానిమ్మగింజ రంగుకొచ్చింది. నాయకుడు స్టూలు మీంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

మరి బోర్డు అబద్ధమా? కాదు. బొమ్మలు చూపి బిడ్డను మరిపించమన్నాడు సుశ్రుతుడు. ఎడమచేత్తో చెవిని లాగి, సూర్యకిరణం అవతలికి కనిపించే చోట, దైవం ముందే గుర్తుపెట్టిన చోట, కుడిచేత్తో తిన్నగా పొడవమన్నాడు. రక్తం ఎక్కువ పోయినా నొప్పి ఎక్కువైనా చోటు తప్పిందని తెలుసుకోవాలట. కాళిక, మర్మరిక, లోహితిక అనే సిరలకు తగిలితే జ్వరాలూ వాపులూ గడ్డలూ అని హెచ్చరిక కూడా ఉంది. కాబట్టి 'నొప్పి లేకుండా' అన్నది హామీ కాదు, పరీక్ష.

నాయకుడి మిత్రుడొకడు పైచెవి, ఎముక మీద, కుట్టించుకోవాలని ఉబలాటపడుతున్నాడు. మా పెద్దమ్మ తరం అక్కడే బావిలీలు పెట్టుకున్నది గనుక వింతేమీ లేదు. కాని ఆ ఎముక, అనగా మృదులాస్థి, తమ్మెలాంటిది కాదు. దానికి సొంత రక్తనాళాలు లేవు. చీము పడితే ముడుచుకుపోతుంది. గన్ను మొద్దు మొనతో ఒత్తి దూరుస్తుంది. పైగా ప్లాస్టిక్ గన్నును ఆసుపత్రి పనిముట్టులా ఆవిరిలో ఉడికించలేరు. 2000లో అమెరికాలోని ఆరెగాన్‌లో ఒక చిన్న కొట్టులో పైచెవి కుట్టించుకున్నవారిలో ఏడుగురికి సూడోమోనాస్ బ్యాక్టీరియా సోకినట్టు ఖాయమైంది. క్రిములను చంపాల్సిన మందు సీసాలోనే అది కాపురముంది. పైచెవి పని గన్నుకు అప్పగించరాదు; కొత్త ప్యాకెట్టు విప్పిన గుల్లసూది, గ్లవుజు తొడిగిన చెయ్యి ఉన్నచోటే చేయించుకోవాలని వ్యాఖ్యాత నిశ్చితాభిప్రాయం.

కుట్టబడును: కర్మణి ప్రయోగము. కర్త లుప్తుడు. చీము పట్టినప్పుడు వెళ్లి అడిగితే ఈ కర్త ఎంతకీ దొరకడు. మన ఇంట్లో కర్త ఎవరో అందరికీ తెలుసు: ఆచారిగారు, ఒళ్లో పెట్టుకున్న మేనమామ, కాళ్లు పట్టుకున్న మామ్మ. ఆర్నెల్ల బిడ్డను ముగ్గురు కలిసి అదిమిపట్టి కుట్టిస్తే అది శుభకార్యం, భోజనాలు. అదే 20 ఏళ్లవాడు తన కాళ్ల మీద వెళ్లి తన డబ్బుతో కుట్టించుకొస్తే, "ఎవణ్ణి అడిగి వెళ్లావురా?" అని పంచాయితీ. అడగాలనే నియమం ఉంటే ఆర్నెల్లప్పుడే ఉండాలి కదా అని నాయకుడి వాదం. తర్కం గట్టిది. మా అన్నయ్య దానికి సమాధానంగా టీవీ సౌండు పెంచాడు.

తాత్పర్యము
ఓ పాంథుడా! చెవి నీదైనచో, పర్సులో పైకమున్నచో, గన్ను కనబడగానే లేచి పరుగెత్తవని నమ్మకమున్నచో, లోపలికి రమ్ము.

విశేషము
'కుట్టుకూలి లేదు, స్టడ్డు ఖరీదు మాత్రమే' అని కింద చిన్న అక్షరాల పంక్తి ఒకటున్నది. ఇది ప్రక్షిప్తం కాదు, అసలు సంగతి ఇదే. చవక స్టడ్డులో నికెల్ ఉంటే దురద, రసి. 22 క్యారెట్లలో 91.6 శాతం బంగారం, మిగతాది చాలామటుకు రాగీ వెండీ గనుక ఆచారిగారి తీగకు ఆ బెడద తక్కువ.

ఫలశ్రుతి
దీనిని చదివి, చేతులు కడుక్కోకుండా చెవి ముట్టనివాడికి, ఉప్పునీళ్లతో తుడుచుకునేవాడికి, కాలక్షేపానికి స్టడ్డు తిప్పనివాడికి తమ్మె ఆరేడు వారాల్లో మానును. పైచెవికి నెలలు పట్టును. నడుమనే ఇంటర్వ్యూ అని స్టడ్డు తీసి జేబులో వేసుకున్నవాడు ఉద్యోగం వచ్చినా రాకపోయినా మళ్లీ గూడెం ఆటో ఎక్కును.